2025 వార్షిక నివేదిక: ముసాయిదా చట్టాలపై పౌరుల మాట, ఎమ్మెల్యేల పనిపై పౌరుల లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఒక్క విషయం మీదే ఎక్కువగా పట్టుబట్టింది. చట్టం గెజిట్‌లో అచ్చయ్యాక ధర్నా చేయడం కంటే అది ముసాయిదాగా ఉన్నప్పుడు ఒక పేజీ అభ్యంతరం పంపడం మేలు. ఆ సమయం దాటిపోతే, చట్టం కింద నియమాలు రాసేటప్పుడు మళ్లీ ఒక అవకాశం వస్తుంది. చాలామందికి ఈ రెండో అవకాశం ఉందనే తెలియదు.

ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ (భూ యాజమాన్య హక్కుల) చట్టం మన కళ్ల ముందు జరిగిందే. అసెంబ్లీ 2022లో ఆమోదించిన బిల్లు రాష్ట్రపతి ఆమోదం పొంది 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది. విజయవాడ, గుంటూరు కోర్టుల్లో న్యాయవాదులు విధులు బహిష్కరించింది ఆ తర్వాతే. భూమి హక్కుల తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి చేతిలో పెట్టే మాట, రిజిస్టర్‌లో ఎక్కిన హక్కుపై రెండేళ్లలోపు అభ్యంతరం చెప్పుకోవాలన్న మాట సభ ముందుకు వచ్చిన బిల్లులోనే ఉన్నాయి. 2024 జులైలో అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఈలోపు లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, పాస్‌బుక్కు సంచిలో పెట్టుకుని తిరిగిన రైతు పడ్డ ఆందోళనకు ఎవరూ లెక్క కట్టలేదు. చట్టం అవసరమా కాదా అన్నదానిపై సభ్యుల్లో రెండు అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. ఆ రెండు మాటలూ బిల్లు సభకు వెళ్లకముందే వినిపించి ఉండాల్సింది.

సభకు వెళ్లాక సమయం ఉండదు. 2024లో దేశంలోని రాష్ట్ర శాసనసభల్లో దాదాపు సగం బిల్లులు ప్రవేశపెట్టిన రోజో మర్నాడో ఆమోదం పొందాయని చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్క. బిల్లును సెలెక్ట్ కమిటీకి (క్లాజువారీగా పరిశీలించే సభ్యుల కమిటీకి) పంపాలని, ప్రజాభిప్రాయం కోసం పంపిణీ చేయాలని సభలో తీర్మానం పెట్టే పద్ధతి ఉంది. వాడుక మాత్రం తక్కువ.

ముసాయిదా బయటపెట్టమని అడగడం ఎలా

ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని, సులభ భాషలో వివరణ జతచేయాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలని కేంద్రం 2014లో ఒక విధానం తెచ్చింది. అది కేంద్ర మంత్రిత్వ శాఖలకు ఇచ్చిన సూచన. రాష్ట్ర శాఖకు రాసే లేఖలో దాన్ని ప్రస్తావిస్తే ‘మాకు వర్తించదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందుకే మన లేఖల్లో సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(సి)ని పట్టుకున్నాం. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని ఆ సెక్షన్ చెబుతుంది. రాష్ట్ర శాఖలూ దానికి కట్టుబడాల్సిందే.

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ముసాయిదా మీద అభ్యంతరాన్ని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక)లో ఇచ్చి వస్తారు. అది రోడ్డు, పింఛను, సర్వే తగాదాల లాంటి అర్జీల వేదిక. మీ కాగితం ఏ తహసీల్దారు లాగిన్‌కో వెళ్లి, ‘మా పరిధిలోనిది కాదు’ అనే జవాబుతో మూతపడుతుంది. ముసాయిదా నోటిఫికేషన్ చివర్లో ఏ అధికారికి, ఏ తేదీలోపు పంపాలో రాసి ఉంటుంది. అభ్యంతరం ఆ హోదాకే, ఆ గడువులోపే చేరాలి.

బిల్లు చదవడం

బిల్లును మొదటి క్లాజు నుంచి చదువుకుంటూ పోతే మూడో పేజీకే ఓపిక అయిపోతుంది. మన చదువు సమావేశాల్లో వెనక నుంచి మొదలుపెడుతున్నాం. ముందు బిల్లు చివర ఉండే ఉద్దేశాలు, కారణాల ప్రకటన, ఆపైన ఆర్థిక మెమొరాండం, నియమాలు చేసే అధికారం గురించిన మెమొరాండం. ఈ మూడూ చదివితే ప్రభుత్వం ఏం చేయదలచుకుందో, ఖర్చు ఎవరిదో, ఎంత పని నియమాలకు వదిలేశారో తెలుస్తుంది. తర్వాత నిర్వచనాలు. ‘యజమాని’, ‘సంస్థ’, ‘కార్మికుడు’ అంటే ఎవరో అక్కడే తేలుతుంది.

ఆపైన ఎర్ర పెన్సిల్ తీయాలి. ‘నిర్దేశించిన విధంగా’ అని ఉన్న ప్రతిచోటా గీత గీయండి. ఫీజు ఎంత, గడువు ఎంత, దరఖాస్తు ఎవరికి అన్నవన్నీ ఆ గీతల కిందే దాగి ఉంటాయి, రేపు నియమాల్లో బయటపడతాయి. ‘వేరే ఏ చట్టంలో ఏమున్నప్పటికీ’ అనే మాట ఉంటే ఏ పాత రక్షణ పోతుందో వెతకండి. సివిల్ కోర్టుకు అధికార పరిధి లేదని ఉంటే అప్పీలు ఎవరికి, ఆ అప్పీలు వినేవారు న్యాయాధికారా, రెవెన్యూ అధికారా అన్నది చూడండి. ‘ఇబ్బందుల తొలగింపు’ క్లాజులో మామూలుగా రెండేళ్లో మూడేళ్లో పరిమితి ఉంటుంది. లేకపోతే అదొక్కటే అభ్యంతరానికి చాలు.

సవరణ బిల్లుతో మరో చిక్కు. అందులో ‘ఫలానా సెక్షన్‌లో తొమ్మిది అనే మాటకు బదులు పది’ అని మాత్రమే ఉంటుంది. మూల చట్టం పక్కన లేకపోతే అది మనకు ఏమీ చెప్పదు. 2025 సెప్టెంబర్‌లో అసెంబ్లీ ఆమోదించిన పని గంటల సవరణలకు మన సభ్యులు మూడు వరసల కాగితం తయారుచేశారు. ఎడమ వరసలో ఇప్పుడున్న పాఠం, మధ్యలో మారాక వచ్చే పాఠం, కుడి వైపు మనం కోరే పాఠం. ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 54లో రోజుకు 9 గంటలు 10 అయినప్పుడు, విరామం గురించి చెప్పే 55, మొత్తం హాజరు వ్యవధి చెప్పే 56 కూడా చదవాలి. ఓవర్‌టైం కూలీ చెప్పే 59ని అసలు వదలకూడదు. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉందని చెబితే సరిపోదు. తొమ్మిదో గంట దాటిన రోజున రెట్టింపు కూలీ వస్తుందా రాదా అన్నదే విజయవాడ ఆటోనగర్ కార్మికుడి ప్రశ్న. బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లకు వర్తించేది 1988 నాటి షాపులు, సంస్థల చట్టం. దానికి వేరే కాగితం తయారైంది.

బిల్లు ప్రామాణిక పాఠం ఇంగ్లీషుదే, రాజ్యాంగం 348వ అధికరణ అదే చెబుతుంది. చర్చ తెలుగులో చేసుకున్నా, పంపే లేఖలో క్లాజు నంబరును ఇంగ్లీషు ప్రతితో సరిచూసుకుని రాయాలి.

లేఖ, విప్, కౌన్సిల్

ఒక లేఖకు ఒక పేజీ, ఒక బిల్లు నంబరు, ఒక క్లాజు. ఉన్న మాట, కోరే మాట, రెండు వాక్యాల్లో కారణం. ‘ఈ నల్ల చట్టాన్ని వెనక్కి తీసుకోవాలి’ అనే లేఖను గుమస్తా ‘వ్యతిరేకం’ అనే కట్టలో వేస్తాడు, అక్కడితో సరి. ఒకే మాటల్ని జిరాక్స్ తీసి వందమంది సంతకాలు పెట్టి పంపినా ఒక అభ్యంతరంగానే చూసే అవకాశం ఎక్కువ. అదే వందమంది తమ తమ ఇబ్బంది రాస్తే ఎక్కువ పనిచేస్తుంది.

ఆస్తి పన్ను దీనికి మంచి ఉదాహరణ. 2020 సవరణతో పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మార్చారు. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు పెట్టుకోవచ్చని, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని రాష్ట్రం చెప్పింది. ఆ హద్దుల మధ్య ఎంత అన్నది నగరపాలక సంస్థ నిర్ణయం. కార్పొరేషన్‌కు ‘చట్టం రద్దు చేయండి’ అని రాస్తే వృథా, రద్దు చేసే అధికారం వారికి లేదు. ‘నివాసాలకు 0.10 దగ్గరే ఉంచండి’ అని రాయాలి. అసెస్‌మెంట్ నంబరు లేని అభ్యంతరం ఏ ఇంటిదో తెలియక పక్కకు పోతుంది.

ఎమ్మెల్యేకు లేఖ చేతికిచ్చినా ఒక ప్రతి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. చేరినట్టు రుజువు కావాలంటే కౌంటర్‌లో విడిగా అడగాలి.

అధికార పక్ష ఎమ్మెల్యేను ‘వ్యతిరేకంగా ఓటెయ్యండి’ అని అడగడం వల్ల ప్రయోజనం లేదు. పార్టీ విప్ (ఇలాగే ఓటెయ్యాలన్న ఆదేశం) జారీచేస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, ఆయన చేతులు కట్టేస్తుంది, ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ఆయన చేయగలిగినవి వేరే ఉన్నాయి. శాసనసభాపక్ష సమావేశంలో లేవనెత్తడం, మంత్రితో మాట్లాడి ప్రభుత్వ సవరణగా తెప్పించడం, చర్చలో క్లాజు నంబరు పేర్కొని ప్రశ్నించి మంత్రి జవాబును రికార్డుకెక్కించడం. మనం అడగాల్సింది ఈ మూడింట్లో ఏది చేస్తారని. ప్రతిపక్ష సభ్యులను సవరణ నోటీసు ఇవ్వమని అడగాలి.

58 మంది సభ్యుల శాసనమండలిని మన సభ్యులు తక్కువగా వాడుతున్నారు. మామూలు బిల్లును మండలి మొదట మూడు నెలల దాకా, అసెంబ్లీ మళ్లీ ఆమోదించి పంపితే మరో నెల దాకా ఆపగలదు (197వ అధికరణ), ద్రవ్య బిల్లయితే 14 రోజులే. పట్టభద్రుల నుంచి అయిదుగురు, ఉపాధ్యాయుల నుంచి అయిదుగురు ఎన్నికైన సభ్యులున్నారు. కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానంలో ఓటున్నవాళ్లు తమ ఎమ్మెల్సీకి రాయడం మానకూడదు.

నియమాల దగ్గర

పని గంటల విషయంలో ఏడాది చివర్లో పరిస్థితి మారింది. పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఉంది. ఆ కోడ్‌ల కింద రాష్ట్రం చేసే నియమాలకు ముందస్తు ప్రచురణ షరతు ఉంది. అంటే ముసాయిదా గెజిట్‌లో పెట్టి, గడువిచ్చి, అభ్యంతరాలు పరిశీలించాకే ఖరారు చేయాలి. ఇది దయతో ఇచ్చే అవకాశం కాదు, చట్టం పెట్టిన షరతు. ఈ మెట్టు దాటవేస్తే నియమాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. అందుకే గెజిట్, జీవోల వెబ్‌సైట్లు చూసే పనిని కొందరు సభ్యులు వారాలవారీగా పంచుకున్నారు. జీవోలు ఆన్‌లైన్‌లో పెట్టడం 2021 ఆగస్టులో ఆగి, 2024 ఆగస్టులో తిరిగి మొదలైందని మరిచిపోవద్దు. కనబడిన ప్రతిదాన్నీ ఆ రోజే డౌన్‌లోడ్ చేసి తేదీతో దాస్తున్నాం.

ఎమ్మెల్యేల ఫైళ్లు

విజయవాడ తూర్పు, సెంట్రల్, పశ్చిమ, గుంటూరు తూర్పు, పశ్చిమ నియోజకవర్గాలకు ఒక్కో ఫైలు నడుపుతున్నాం. ఎవరు ఏ పార్టీ అన్నదానితో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే కొలత. అడిగిన ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులు, బిల్లులపై మాట్లాడిన మాటలు సభా రికార్డుల నుంచి తీసుకుంటాం. నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ (ఆస్తులు, అప్పులు, కేసుల ప్రమాణ పత్రం) ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఎన్నికల ఖర్చు లెక్కను ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షల రూపాయలు.

సభకు రానివారి గురించి సభ్యులు పదేపదే అడుగుతున్నారు. 190(4) అధికరణ ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులు అన్ని సమావేశాలకూ గైర్హాజరైతే సభ ఆ స్థానాన్ని ఖాళీగా ప్రకటించవచ్చు. సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు అధికారికంగా ముగిసిన) కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం అందులో లెక్కకు రావు. సభ ఏడాదికి కొద్ది రోజులే కూర్చునే చోట ఆ అరవై నిండటానికే ఏళ్లు పడుతుంది, నిండినా నిర్ణయం సభదే. కాబట్టి ఓటరు చేతిలో ఉన్న ఆయుధం హాజరు పట్టీయే. దాన్ని శాసనసభ సచివాలయం నుంచి సమాచార హక్కు కింద అడుగుతున్నాం.

దరఖాస్తులో ‘ఎందుకు’ అని అడగకండి. ఆ చట్టం కింద దొరికేది రికార్డు, సంజాయిషీ కాదు. ‘ఫలానా బిల్లుపై శాఖకు అందిన అభిప్రాయాల ప్రతులు, వాటిపై రాసిన నోట్ ఫైలు’ అని అడగండి. కేబినెట్ కాగితాలని సెక్షన్ 8(1)(ఐ) కింద తిరస్కరిస్తే, నిర్ణయం తీసుకుని విషయం ముగిశాక అవి ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతుందని మొదటి అప్పీలులో రాయండి. ఫీజు పది రూపాయలు, మండల స్థాయి కార్యాలయంలో అయిదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. చాలా దరఖాస్తులు ఈ గడువు జారవిడవడం వల్లే చస్తున్నాయి.

జమాఖర్చులు, వచ్చే ఏడాది

ఆడిట్ అయిన పట్టిక ఈ నివేదిక వెంట ఉంది. ఖర్చులో ఎక్కువ భాగం జిరాక్సులు, హాలు అద్దె, తపాలా. ఏ పార్టీ నుంచీ, ఏ అభ్యర్థి నుంచీ విరాళం తీసుకోలేదు, తీసుకోం.

వచ్చే ఏడాది మొదటి పని లేబర్ కోడ్‌ల రాష్ట్ర నియమాలు. షాపులు, హోటళ్లు, వర్క్‌షాపుల్లో పనిచేస్తున్న సభ్యులు తమ జీతం చీటీ, డ్యూటీ చార్టు జిరాక్సులు, పేర్లు కొట్టేసి, వచ్చే చదువు సమావేశానికి తేవాలి. మూడు వరసల కాగితంలో కుడి వైపు ఏం రాయాలో వాటిని ముందు పెట్టుకుని తేలుద్దాం. తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లు, లెక్కలు చూడగలిగినవాళ్లు కార్యదర్శికి పేరు ఇవ్వండి.

— కార్యవర్గం తరఫున