బావగారిచ్చిన క్యాప్సూల్స్ సంగతి

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం అందింది. యాంజియోగ్రామ్‌లో కనబడిన పూడిక ముప్పై శాతమేనని, స్టెంట్ అక్కరలేదని, మాత్రలు మానకుండా వాడితే చాలని డాక్టరు గారు చెప్పినట్టు చదివి ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాత్రలు పక్కన పెట్టి, మీ బావగారు తెచ్చిచ్చిన ద్రాక్షగింజల క్యాప్సూల్స్ వేసుకోవచ్చునా అని అడిగావు. వద్దు అని ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు గానీ, కారణం చెప్పనిదే నువ్వు వినే మనిషివి కావు.

పూడిక అంటే కాలువలో ఒండ్రు మేట వేసినట్టు ధమని లోపల పైపైన పేరుకునేది కాదు. రక్తంలో ఎక్కువైన ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్‌ను మోసే రేణువులు, ధమని లోపలి పొరను దాటి గోడలోకి చొచ్చుకుపోయి అక్కడ ఆక్సీకరణం చెందుతాయి, అంటే ఆక్సిజన్ తాకిడికి చెడిపోతాయి. వాటిని తొలగించడానికి వచ్చిన రక్షక కణాలు మింగి మింగి కొవ్వుతో ఉబ్బి అక్కడే చిక్కుబడిపోతాయి. సూక్ష్మదర్శిని కింద నురుగులా కనబడే ఆ కణాల గుంపే పూడికకు తొలి రూపం. 1993లో కాలిఫోర్నియా పరిశోధకులు రెడ్‌వైన్‌లోని పాలీఫినాల్స్ (ద్రాక్షగింజలు, టీ, కోకో వంటి మొక్కల పదార్థాల్లో సహజంగా ఉండే రసాయనాలు) ఈ ఆక్సీకరణాన్ని అడ్డుకుంటాయని చూపించారు. కానీ చూపించింది పరీక్షనాళికలో. మీ బావగారి సీసా మీద ‘యాంటీ ఆక్సిడెంట్’ అని అంత పెద్ద అక్షరాలతో అచ్చు వేయడానికి బలం ఇటువంటి ప్రయోగాలే.

నోట్లో వేసుకున్న పాలీఫినాల్స్‌లో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. చేరినదాన్ని కూడా పేగులూ కాలేయమూ వేరే రూపంలోకి మార్చి, కొద్ది గంటల్లోనే మూత్రంలోకి పంపేస్తాయి. మిగిలినది పెద్దపేగులోని బ్యాక్టీరియా పాలు. దానిమ్మలోని పాలీఫినాల్స్‌ను యూరోలిథిన్లనే పదార్థాలుగా మార్చే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు కనుక, ఒకే పండు తిన్నా నీకూ నాకూ ఒకే ఫలితం రావాలని లేదు. అందుకే ఇప్పుడు పరిశోధకులు ఆక్సీకరణం కన్నా, ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను బాగా తయారుచేసి రక్తనాళం సులువుగా సాగేటట్టు ఇవి చేస్తాయా అన్నదాని మీదే ఎక్కువ దృష్టి పెడుతున్నారు.

నాకు బాగా నచ్చినవి టీ మీద జరిగిన పరిశోధనలు. నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ పట్టణంలో 65 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 805 మంది పురుషులను గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. టీ, ఉల్లిపాయ, ఆపిల్ ద్వారా ఫ్లేవనాయిడ్లు (పాలీఫినాల్స్‌లో ఒక రకం) ఎక్కువగా తీసుకున్నవారిలో గుండెజబ్బు మరణాలు, తక్కువగా తీసుకున్నవారితో పోలిస్తే సగానికన్నా తక్కువ. అదే బృందం 1997లో వేల్స్‌లోని కెర్ఫిలీ పట్టణం లెక్కలు చూస్తే అటువంటి మేలేమీ కనబడలేదు. అక్కడివారు టీలో పాలు కలుపుకుంటారు! పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టీలోని పాలీఫినాల్స్‌ను పట్టేసుకుంటుందేమోనన్న అనుమానం అలా బలపడింది. 2007లో బెర్లిన్‌లోని షరిటే ఆసుపత్రివారు 16 మంది మహిళలకు అర లీటరు టీ ఇచ్చి, రెండు గంటల తరవాత చేతి ధమనిని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. ఉత్త టీ తాగినప్పుడు ధమని చక్కగా సాగింది. పది శాతం వెన్నతీసిన పాలు కలిపిన టీతో ఆ మేలు మాయమైంది. సగానికి సగం పాలు పోసి మరిగించే మన టీ సంగతి ఇక చెప్పాలా? అయితే పదహారు మంది మీద జరిగిన ప్రయోగాన్ని శాసనంగా తీసుకోకూడదు. పాలు కలిపినా శరీరంలోకి చేరే మోతాదు తగ్గలేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. అదీగాక కెర్ఫిలీలో టీ ఎక్కువ తాగినవారిలో పొగతాగేవారూ ఎక్కువే.

క్యాప్సూల్స్‌ను పరీక్షించలేదని కాదు. అమెరికాలో 21,442 మంది వృద్ధులకు సగటున మూడున్నరేళ్లకు పైగా కోకో సారం క్యాప్సూల్స్ గానీ, ఉత్తుత్తి మాత్రలు గానీ ఇచ్చి చూసిన కాస్మాస్ అధ్యయనం 2022లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే పది శాతం తగ్గినట్టు కనబడినా, అది కేవలం యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఆ తేడా చాలలేదు. గుండెజబ్బు మరణాలు 27 శాతం తగ్గాయన్న అంకె ఆశ పుట్టించేదే గానీ, అది ఆ అధ్యయనం ప్రధానంగా తేల్చదలచుకున్న ప్రశ్న కాదు. పైగా అది కోకో. నీ చేతిలో ఉన్నది ద్రాక్షగింజ.

కనుక డాక్టరు గారిచ్చిన స్టాటిన్ మాత్ర ఒక్క రాత్రి కూడా మానకు. ఎల్‌డీఎల్‌ను గట్టిగా దించి గుండెపోటును తప్పిస్తుందని లక్షమందికి పైగా మనుషుల మీద రుజువైన మందు అది. నువ్వు రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ కూడా వాడుతున్నావు కనుక, ఆ క్యాప్సూల్స్ సీసాను డాక్టరు గారికి చూపించకుండా మూత తీయకు. ఉల్లిపాయను మాత్రం ఎండుపొట్టు వరకే ఒలిచి, ఎర్రటి పైపొరలు పారేయకుండా తరుగు. ఉల్లిలోని ఫ్లేవనాయిడ్ అయిన క్వెర్సెటిన్ ఎక్కువగా ఉండేది అక్కడే. పులుసులో ఉడికితే కొంత రసంలోకి దిగుతుంది గానీ, ఆ రసాన్ని మనం పారబోయం కదా! భోజనం తరవాత నీ వక్కపొడిలో కూడా పాలీఫినాల్స్ ఉన్నాయని వాదిస్తావేమో, ఉన్నాయి. ఆ వక్కే నోటి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. దాన్ని ఈ వారమే మానేయి.

లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించినప్పుడు ఎల్‌డీఎల్ ఎంత ఉందో రాయి. చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
మూర్తి