ఎండ ఊళ్ళలో పొట్టిముక్కు కుక్కలు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పెంపుడు కుక్కల గురించి వచ్చిన వ్యాసంలో, మన దేశంలో అరుదుగా కనిపించే జపనీస్ చిన్ అనే బుల్లి జాతిని పరిచయం చేసి, చిన్న ఇళ్ళలో ఉండేవారికి అది చక్కగా సరిపోతుందని రాశారు. ఇంటి వైశాల్యం మాటకొస్తే అది నిజమే. కానీ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ వంటి ఊళ్ళలో ఆ కుక్కను బతికించుకోవడం ఎంత జాగ్రత్తతో కూడిన పనో ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. మా చెల్లెలి కుటుంబం విదేశానికి వెళ్తూ అప్పగించిన చిన్ కుక్క మా ఇంట్లో పెరుగుతున్నందువల్ల, బొగ్గు గనుల కాలనీల్లో ఉండే మన తెలుగు కుటుంబాలు కొనేముందు ఈ సంగతులు తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఇది జపాను ప్రభువుల ఇళ్ళలో ఒడి దిగకుండా పెరిగిన జాతి. దాని పూర్వులు చైనా నుంచో కొరియా నుంచో వచ్చి ఉంటాయంటారు. 1853లో అమెరికా నౌకాదళాధికారి మాథ్యూ పెర్రీ జపాను తీరానికి చేరి, మరుసటి ఏడు ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు అందుకున్న కానుకల్లో ఈ కుక్కలూ ఉన్నాయి. ఆ తరువాత ఇవి పాశ్చాత్య దేశాల్లో వ్యాపించాయి. ఇంగ్లండు రాణి అలెగ్జాండ్రా వీటిని ఎంతో మక్కువగా పెంచుకున్నారు. కుక్క జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1888లోనే ఈ జాతిని గుర్తించింది. అప్పట్లో జపనీస్ స్పానియల్ అనేవారు. ఇప్పటి పేరు 1977లో వచ్చింది.

ఎత్తు పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు రెండు మూడు కిలోలు. తెల్లని పట్టులాంటి బొచ్చు మీద నల్లని లేదా ఎర్రని మచ్చలు ఉంటాయి. తీరు మాత్రం చాలావరకు పిల్లిదే: మా ఇంట్లోది అన్నం తిన్నాక ముందరి పంజా నాకి దానితో మూతి తుడుచుకుంటుంది, సోఫా వీపు మీదికెక్కి అక్కడి నుంచి వీధిని చూస్తుంది, ఊరికే మొరగదు. ఇంత నెమ్మదైన జంతువును ఎవరైనా ఇష్టపడతారు, అందుకే నాకు భయం.

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ, నోటిలోని, ముక్కులోని తడి పొరల మీదుగా గాలి ఆడించి ఒంటి వేడిని వదులుకుంటుంది. చిన్‌కు ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉండడం వల్ల ఆ గాలి దారే ఇరుకు. ఎంత గట్టిగా రొప్పితే గొంతు లోపల అంత వాచి, ఊపిరి మరింత కష్టమవుతుంది. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. మధ్యాహ్నం కరెంటు పోయి కూలర్ ఆగిందంటే మా చిన్ స్నానాలగది గుమ్మం దగ్గర తడి నేలకు పొట్ట ఆనించి, నాలుగు కాళ్ళూ చాపి పడుకుంటుంది. అప్పుడు నేను చూసేది దాని నాలుక రంగు. గులాబీ రంగులో ఉంటే పరవాలేదు. ముదురు ఎరుపుకో నీలానికో తిరిగినా, చొంగ చిక్కబడినా, నడక తూలినా క్షణం ఆలస్యం చేయకూడదు. ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసనకర్రతోనైనా గాలి తగిలిస్తూ పశువైద్యశాలకు తీసుకెళ్ళాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు ఆ వేళ కాగి ఉంటాయి కనుక బిందెల్లో పట్టి ఉంచుకున్న నీళ్ళే వాడాలి. తడి తువాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలుస్తుంది. వేసవి కదా అని చర్మం కనిపించేలా బొచ్చు గొరిగించడం కూడా మంచిది కాదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. బయట తిప్పడం పొద్దు పొడవక ముందే ముగించాలి. మెడపట్టీ గొంతును నొక్కుతుంది కాబట్టి ఛాతీకి కట్టే పట్టీ వాడాలి.

మిగతా పోషణ కష్టమేమీ కాదు. వారానికి రెండు మూడుసార్లు దువ్వితే బొచ్చు చిక్కుపడదు. కళ్ళు పెద్దవై బయటికి ఉబికి ఉంటాయి కనుక గీతలు పడకుండా కనిపెట్టుకోవాలి. చిన్న దవడలో పళ్ళు ఇరుక్కుని మొలుస్తాయి కాబట్టి వాటిని తోమడం అలవాటు చేయాలి. గోమార్ల మందు, రేబిస్ టీకా ఏ కుక్కకైనా తప్పవు.

కొనుగోలు విషయం ఇంకా ముఖ్యం. మా వీధిలో ఒక కుటుంబం ఐదు వారాల పిల్లను చిన్ అని నమ్మి బోలెడు డబ్బు పోసి కొన్నారు. పెరిగేకొద్దీ దానికి పొడుగు మూతి వచ్చింది. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు. వాళ్ళు దాన్ని వదిలేయకుండా ప్రేమగా సాకుతున్నారు, అది వారి మంచితనం. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు ఉండాలి. ఆ నమోదు పత్రం, తల్లి కుక్క చూడనిదే పైసా ఇవ్వకండి. ఈ జాతిలో జీఎం2 గాంగ్లియోసిడోసిస్ అనే వంశపారంపర్య మెదడు జబ్బు కూడా ఉంది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన పిల్ల మొదట ఆరోగ్యంగానే కనిపించి, ఏడాది దాటాక అదుపు తప్పి నడుస్తూ చివరకు చనిపోతుంది. దీనికి జన్యు పరీక్ష ఉంది కాబట్టి తల్లిదండ్రుల పరీక్ష ఫలితాలు అడగడం కొనేవారి హక్కు.

ఇకపై మీ అనుబంధంలో ఏ జాతి కుక్కను పరిచయం చేసినా, అది ఎంత ఎండకు తట్టుకుంటుందో, అమ్మకానికి ఉన్న వయసు నిబంధన ఏమిటో ఆ వ్యాసంలోనే ముద్రించవలసిందిగా కోరుతున్నాను. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల పాఠకులకైతే మార్చి నెల రాకముందే ఆ వివరాలు అందితే మేలు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా