పదిహేనేళ్ల ఆటిజం పిల్లలకూ శిక్షణ కావాలి

సంపాదకుడికి,
ఆర్యా,

ఏటా ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినం నాడు, ఆటిజం గురించి వచ్చే వ్యాసాలు చాలావరకు పసిపిల్లల గురించే. మాటలు రాలేదా, పిలిస్తే పలకడం లేదా అనే ఉంటుంది. వాళ్లే మీసాలొచ్చే వయసుకు చేరాక ఏంచేయాలో రాసేవాళ్లు తక్కువ. మా అబ్బాయికి 15 ఏళ్లు. లెక్కలు బాగా చేస్తాడు. నౌపడా-గుణుపూర్ చిన్న రైలు 2011లో బ్రాడ్‌గేజ్ అయిన సంగతి ఎత్తితే ఇక ఆపడు. వినేవాడికి విసుగొచ్చిందని తెలుసుకోవడం, నలుగురి కబుర్లలో కలవడం, ఎగతాళి చేస్తే బదులివ్వడం మాత్రం తెలియదు. మిగతా పిల్లలు ఇవన్నీ చూసి పట్టేస్తారు. వీళ్లకు విడమరచి చెప్పి, చేయించాలి.

అందుకు పద్ధతులున్నాయి. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన 'పీర్స్' శిక్షణలో టీనేజీ పిల్లలు వారానికోసారి, గంటన్నర చొప్పున, కొన్ని నెలలు కలిసి కూర్చుంటారు. తల్లిదండ్రులకు అదే సమయంలో వేరే క్లాసు. ఫోన్లో మాట మొదలుపెట్టడం, ముగించడం, స్నేహితుణ్ణి ఇంటికి పిలవడం నటించి చూపిస్తారు, హోంవర్కూ ఇస్తారు.

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడివాళ్లం ఏ వైద్యానికైనా శ్రీకాకుళమో విశాఖో పరుగెడతాం. దీనికి అది సరిపోదు. వాడికి ఇల్లు తెలుగు, బడి ఒడియా. తోటివాళ్ల జోకులు రెండూ కలిపి ఉంటాయి. విశాఖ క్లాసులో నేర్చిన పలకరింపు ఇక్కడి గ్రౌండులో పనికొస్తుందా? శిక్షణ ఇక్కడే, ఈ ఊరి పిల్లల మధ్యే జరగాలి. మామూలు పిల్లలు ఇద్దరు ముగ్గురు కూడా కూర్చోవాలి. సర్దుకోవలసింది మావాడొక్కడే కాదు కదా! కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని తిప్పే శిక్షణైతే అసలొద్దు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చదువుతో పాటు సామాజిక ఎదుగుదలకూ బడులు తోడ్పడాలంటోంది. ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా వర్తిస్తుంది. నేను వెళ్లి అడిగినచోట మాత్రం, "పెద్దవాడైపోయాడు కదమ్మా, ఇంకేం థెరపీ" అన్నారు.

మేం భవనాలు అడగడం లేదు. ఆదివారాలు ఖాళీగా ఉండే ఒక బడి గది, ఒడియా, తెలుగు రెండూ వచ్చిన ఇద్దరు టీచర్లు చాలు. వాళ్లకు బరంపురం వైద్య కళాశాల మానసిక వైద్యుల చేత తర్ఫీదు ఇప్పించవచ్చు. గజపతి జిల్లా కలెక్టరు, విద్యాశాఖ వచ్చే వేసవి సెలవుల్లో ఒక బ్యాచ్‌తో మొదలుపెట్టాలి. పదో తరగతి దాటితే ఈ పిల్లలు ఎటు చెదిరిపోతారో చెప్పలేం.

ఒక తల్లి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా