ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

కొత్త సోలార్ ప్లాంటు ప్రారంభించిన ప్రతిసారీ బొగ్గు, చమురు రోజులు అయిపోయినట్టే మాట్లాడుతున్నారు. సోలార్ రావడం నాకూ సంతోషమే. కానీ ప్రపంచం వాడే మొత్తం శక్తిలో కరెంటు వాటా సుమారు ఐదో వంతే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం లారీల్లో, ఓడల్లో, ఫ్యాక్టరీ కొలిముల్లో నేరుగా ఇంధనం మండించేదే, దాని గురించి మీరు ఒక్క మాట కూడా అనడం లేదు.

సిమెంటు సంగతే చూడండి. బట్టీని పూర్తిగా కరెంటుతో వేడి చేసినా సున్నపురాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, ఆ పరిశ్రమ వదిలే దాంట్లో సగానికి పైగా అదే! ఉక్కుకి బొగ్గు, యూరియాకి సహజ వాయువు. యూరియా ఆపేస్తే పంటలేం కావాలి?

శిలాజ ఇంధనాల నుంచి బయటపడాలన్న మాట ప్రపంచ దేశాల ఒప్పందంలోకి ఎక్కడానికే 28 వాతావరణ సదస్సులు పట్టాయి, అది కూడా 2023లో, దుబాయ్‌లో. ఇది తేలిక పని కాదని మాకు తెలుసు, మీరు కూడా ఆ మాట పైకి చెప్పండి, మేం తిట్టం.

రాత్రికి కరెంటు నిల్వ చేయడానికి ఎంత ఖర్చు పెడతారు, గనుల మీద బతికే కుటుంబాలకి ఏ పని చూపిస్తారు, డీజిల్ ధర పెరిగితే ముందు నలిగేవాళ్లని ఎలా ఆదుకుంటారు? ఏ ఏడాదికి ఏం చేస్తారో అంకెలతో రాసి జనం ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక పౌరుడు