జెరాక్స్ దుకాణంలోని అమ్మగారికి కృతజ్ఞతలు

కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ చరిత్రను నాకు చేతనైనంత మేరకు రాయాలని రెండేళ్లుగా కూడబెట్టిన కాగితాలు, మొన్నటి వానలో బస్సు దిగి పరుగెత్తేసరికి సంచితో సహా తడిసి ముద్దయ్యాయి. సినిమాల్లోకి వెళ్లకముందు ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు వంటివారు నాటకాలాడిన సంఘం అది. ఆనాటి ప్రదర్శనలు చూసినవారు ఇప్పుడు అరుదు కనుక, మా నాన్నగారు తమ జ్ఞాపకాలను సిరాకలంతో రాసి ఉంచిన 40 పుటలే నాకు పెద్ద ఆధారం.

తల దాచుకోవడానికి మీ దుకాణం మెట్లెక్కిన నా చేతిలోంచి, నేను అడగకముందే మీరు ఆ కట్టను అందుకున్నారు. "ఇప్పుడే విడదీయకండి, చిరిగిపోతాయి" అని హెచ్చరించి, వచ్చిన గిరాకీని పక్క దుకాణానికి పంపించి, పాత పేపర్ల మధ్య ఒక్కొక్క పుటనూ పరిచి ఆరబెట్టారు. మధ్యలో కరెంటు పోతే, అట్టముక్క తీసుకుని అరగంటసేపు విసురుతూ కూర్చున్నారు (నేను విసరబోతే, గాలి జోరు ఎక్కువైందని వారించారు కూడా!). సిరా అలుక్కుపోయిన పుటలను నలుపు పెంచి రెండేసిసార్లు నకలు తీశారు. రంగారావుగారి గొంతు చివరి వరుసదాకా ఖంగున వినిపించేదని నాన్నగారు రాసిన వాక్యం ఆ నకలులోనే మిగిలింది.

మీరు కాగితం ఖరీదు తప్ప మరేమీ తీసుకోలేదు. మీకు నా హృదయపూర్వక నమస్కారాలు. వ్యాసం పూర్తికాగానే మొదటి ప్రతిని మీకే తెచ్చి ఇస్తాను.