ఒరేయ్ బొంగరం, చెయ్యి లేచింది!

ఒరేయ్ బొంగరం,

నీ ఉత్తరం దసరాకి వచ్చింది, జవాబు సంక్రాంతి దాటాక రాస్తున్నాను. తిట్టు, కానీ పూర్తిగా చదివాక తిట్టు. నాన్నకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు తనే చదువుకుంటున్నాడు. నేను మియాపూర్‌కి ఇల్లు మారాను. ఉద్యోగం అదే. ఇక అసలు సంగతి.

బ్రేక్ డాన్స్ నేర్చుకుంటున్నానురా! చేసేవాళ్ళు మాత్రం బ్రేకింగ్ అంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జపాన్ అమ్మాయి అమీ బంగారు పతకం గెలిచినప్పుడు ఫోన్లో చూస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. అప్పటినుంచీ మనసులో ఉంది, రెండు నెలల కిందట చేరిపోయాను. నేర్పేది మనకంటే పదేళ్ళు చిన్న అమ్మాయి, అందరం మాస్టర్ అనే పిలుస్తాం.

తల మీద తిరగడాలు అప్పుడే ఏం లేవు. ముందు మణికట్లు వేడెక్కించాలి, తర్వాత నిలబడి వేసే టాప్ రాక్, ఆ తర్వాత కింద సిక్స్ స్టెప్. చేతులు నేలకి ఆనించి, వాటి చుట్టూ కాళ్ళు ఆరు అడుగుల్లో ఒక చుట్టు తిరిగి మొదటి చోటికి రావాలి. నడుము కింద పడకూడదు. నాకు ప్రతిసారీ మూడో అడుగు దగ్గరే ఆగిపోయేది. కాలు రావాల్సిన వేళకి చెయ్యి ఇంకా నేల మీదే! మాస్టర్ పక్కన కూర్చుని నా చెయ్యి మీద తట్టి, "కాలికి దారి ఇవ్వండి" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని వారం రోజులు మంచం పక్కకి జరిపి, కింది వాటా వాళ్ళు లేస్తారని సాక్సులతోనే, ఆ ఒక్క అడుగే వేశాను.

అన్నట్టు, మీ అమ్మకి చెప్పు, బ్రేక్ అంటే ఎముకలు విరగడం కాదట! పాటలో గొంతులు ఆగి డ్రమ్స్ మోగే ముక్క. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో చెల్లెలు పెట్టిన పార్టీకి పాటలు వేసిన కూల్ హెర్క్ అనే డీజే, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, ఇక్కడ అయిపోగానే అక్కడ మొదలుపెట్టి ఆ ముక్కని సాగదీసేవాడు. దానికోసం కాచుకుని దిగేవాళ్ళే బీబాయ్‌లు, బీగర్ల్‌లు.

మొన్న ఆదివారం క్లాసు చివర్న అందరం గుండ్రంగా నిలబడ్డాం. సైఫర్ అంటారు. ఎవరూ పిలవరు, మనమే మధ్యలోకి దిగాలి. అరచేతులు తడిసిపోతున్నాయి, ప్యాంటుకి తుడుచుకుంటూ మూడుసార్లు అవకాశం వదిలేశాను. నాలుగోసారి డ్రమ్స్ మొదలవగానే దిగాను. టాప్ రాక్, కిందికి, ఒకటి, రెండు... చెయ్యి లేచిందిరా! కాలు వెళ్ళిపోయింది! రెండు చుట్లు తిరిగాను. ఆఖర్న బేబీ ఫ్రీజ్. మోచేయి నడుం పక్కన గుచ్చి, తల పక్కగా ఆనించి, మోకాలు రెండో మోచేతి మీద పెట్టి కదలకుండా ఆగాలి. ఆగాను. చెంప కింద చల్లటి నేల, ఎదురుగా అందరి బూట్లు, పైనుంచి అరుపులు. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు, అంత సంతోషం.

కిరాణా కొట్టు వెనక అట్టపెట్టె విప్పి పరిచి, వినాయకుడి పందిరి ముందు నువ్వు వీపు మీద తిరిగావు చూడు. ఆ బ్రాంక్స్ పిల్లలూ వీధిలో అట్టలే పరుచుకునేవాళ్ళట. నీకెవరు చెప్పార్రా? తర్వాత ఎందుకు మానేశావో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సింది. ఆ ఏడాది మీ నాన్నగారు... సరే, అది ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. మూడో లడ్డూ సంగతి మాత్రం ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఉగాదికి వస్తావుగా? మోకాలి ప్యాడ్లు రెండు జతలు కొన్నాను. రెండోది నీకే. నీ వీపు తిరుగుడు మాస్టర్‌కి చూపిస్తే ఆవిడ... అయ్యో, ఆరున్నర అయిపోయింది, కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఉంటా.

నీ తాడు