రేంజ్‌ఫైండర్ కొనే పిల్లలకి ముందు లెన్స్ సంగతి చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో మళ్ళీ రీలు కెమెరాలు పట్టుకుంటున్న కుర్రాళ్ళ గురించి వేసిన పేజీ చదివానండి, చాలా సంతోషమేసింది. కానీ రేంజ్‌ఫైండర్ రకం కెమెరాల దగ్గరకొచ్చేసరికి జర్మనీ వాళ్ళ లైకా ఎం6 కొనుక్కోండి, దానికి 1.4 లెన్స్ (బాగా పెద్దగా తెరుచుకునే ఖరీదైన లెన్స్) పెట్టుకోండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. అది చదివి మా మేనల్లుడు, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు, లోన్ పెట్టేస్తా మావయ్యా అని ఫోన్ చేశాడు. వాడికి గంటసేపు చెప్పిందంతా మీకూ రాస్తున్నా, వాడిలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు కదా.

ఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలో మనం లెన్స్‌లోంచే చూస్తాం, ఏ లెన్స్ పెడితే ఆ సీనే కంటికి కనిపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు, చూసే కిటికీ వేరు, ఫోటో తీసే లెన్స్ వేరు. కిటికీ మధ్యలో చిన్న మచ్చలాంటి చోట బొమ్మ రెండుగా కనిపిస్తుంది, లెన్స్ తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరకొచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఫోకస్ కుదిరినట్టు. మీరు ఏ లెన్స్ పెట్టినా కిటికీలో సీన్ మాత్రం మారదు, ఆ లెన్స్‌కి ఎంత మేర వస్తుందో చూపించే ఫ్రేమ్ గీతలే మారతాయి. అంటే మీకు కావాల్సిన లెన్స్‌కి ఆ బాడీలో (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరాలో) గీతలు లేకపోతే ఎంత గొప్ప బాడీ అయినా ఉపయోగం తక్కువే. అందుకే నేను మొత్తుకునేది, ముందు లెన్స్ తేల్చుకోవాలి, ఆ తర్వాతే బాడీ.

1954లో వచ్చిన లైకా ఎం3 సంగతే చూడండి. కిటికీ మాగ్నిఫికేషన్ 0.91, అంటే దాదాపు కంటితో చూసినంత సైజులో కనిపిస్తుంది, 50 లెన్స్‌తో (ఈ అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెరిగేకొద్దీ సీన్ తక్కువ మేర, దగ్గరగా వస్తుంది) దాని ఫోకస్ అంత ఖచ్చితంగా ఇంకో కెమెరాలో నేను చూడలేదు. కానీ గీతలు 50, 90, 135కే ఉంటాయి. 35 లెన్స్ ఇష్టపడే పిల్లాడికి ఎవరో ఎం3 అంటగడితే పైన ఇంకో వ్యూఫైండర్ తగిలించుకుని తిరగాల్సిందే. దాని తర్వాతొచ్చిన ఎం2లో మాగ్నిఫికేషన్ 0.72కి తగ్గించి 35, 50, 90 గీతలిచ్చారు. 1984 నాటి ఎం6లో 28 నుంచి 135 దాకా గీతలున్నాయి, లోపల లైట్ మీటరూ ఉంది, బ్యాటరీ అయిపోయినా మీటరే ఆగుతుంది గానీ షట్టర్ ఆగదు. మంచి కెమెరా, కాదనను, 2022లో లైకా వాళ్ళు మళ్ళీ కొత్తగా కూడా వదిలారు. కానీ మొదటి కెమెరాకే జీతాలన్నీ పోసేస్తే రీలు కొనడానికీ కడిగించడానికీ ఏం మిగుల్తుంది? ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందూ రీలు ఉండేది, అది పోయాక ఇప్పుడు రీలు బయట దేశం నుంచి రావాల్సిందే, ముప్పై ఆరు ఫోటోలకి ఎంతవుతోందో కొనేవాళ్ళకి తెలుసు.

మరి 35ఆ 50ఆ అని ఎలా తెలుస్తుంది అంటారా, దానికి రూపాయి ఖర్చు అక్కర్లేదు. ఇంట్లో మామూలు డిజిటల్ కెమెరా, దానితో వచ్చే 18-55 జూమ్ ఉంటే చాలు. 24 దగ్గర రింగు కదలకుండా టేప్ వేసేసి ఒక వారం తియ్యండి, లోపలి సెన్సర్ రీలు కంటే చిన్నది కాబట్టి అది ఇంచుమించు రీలు కెమెరాలో 35తో సమానం. ఇంకో వారం 35 దగ్గర టేప్ వేస్తే అది 50 అవుతుంది. ఏ వారం ఫోటోల్లో మనుషులు మీకు దగ్గరగా అనిపించారో అదే మీ లెన్స్. ఫ్రాన్స్ ఫోటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ 1932లో లైకా కొన్న దగ్గర్నించీ ఎక్కువగా 50తోనే తీశాడు, అది ఆయన కన్ను. నాకైతే మన ఇళ్ళకీ మన పెళ్ళిళ్ళకీ 35యే నప్పుతుంది, పది బై పది గదిలో పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తుంటే 50 పెట్టుకుని వెనక్కి జరిగితే వీపు గోడకి తగుల్తుంది.

ఇక ఆ 1.4 సంగతి. మన మే నెల మిట్ట మధ్యాహ్నం ఎండలో 400 స్పీడు రీలు వేస్తే 500వ వంతు సెకనుకి ఎఫ్/16 చాలు (ఎఫ్ పక్క అంకె ఎంత పెద్దదైతే లెన్స్ అంత తక్కువ తెరుచుకుంటుంది). పాత లైకాల్లో షట్టర్ వెయ్యో వంతు దాటి పోదు, అంటే ఎఫ్/11 కంటే తెరిస్తే ఫోటో తెల్లబారడం మొదలవుతుంది. డబ్బులన్నీ పెట్టి కొన్న ఆ పెద్ద కన్ను పగలంతా మూసుకునే ఉంటుందన్నమాట. 35 లెన్స్‌ని ఎఫ్/8లో పెట్టి మూడు మీటర్ల దగ్గర ఫోకస్ వదిలేస్తే సుమారు రెండు నుంచి ఏడు మీటర్ల దాకా అంతా షార్ప్‌గానే ఉంటుంది, సంతలో కిటికీలో బొమ్మలు కలుపుకుంటూ నిలబడక్కర్లేదు, కెమెరా ఎత్తడం నొక్కడం అంతే. అందుకే మొదటి లెన్స్‌గా ఫోక్‌ట్‌లాండర్ కలర్ స్కోపార్ 35 ఎఫ్/2.5 లాంటి చిన్నది చూడమంటాను. 50 కావాలంటే ఏ కంపెనీదైనా ఎఫ్/2 చాలు.

దానికి బాడీ అంటే నా లెక్కలో ఎం మౌంట్ (లైకా ఎం కెమెరాల్లో లెన్స్ బిగించే పద్ధతి) ఉన్నదే. పాత 39 మిల్లీమీటర్ల మర లెన్సులు ఒక మిల్లీమీటర్ మందం అడాప్టర్‌తో ఎం బాడీకి చక్కగా సరిపోతాయి, ఎం లెన్స్ మాత్రం మర బాడీకి ఎక్కదు. లైకాయే అవ్వాలని లేదు, జపాన్‌లో కొసీనా వాళ్ళు చేసిన బెస్సా ఆర్2 ఉంది, 35 గీతలున్నాయి, మీటరుంది. దాని రెండు కిటికీల మధ్య దూరం 37 మిల్లీమీటర్లే, లైకాలో 69 దాకా ఉంటుంది, ఆ దూరం ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత నిక్కచ్చి. 35 లెన్స్‌కి ఆ 37 చాలు, 90 తగిలించి ఫుల్‌గా తెరిచి తీస్తానంటేనే కష్టం. అదీ ఖర్చు ఎక్కువనుకుంటే ఒక ఏడాది లెన్స్ మార్చే వీల్లేని కెమెరాతో నేర్చుకోవచ్చు, క్యానన్ వాళ్ళ క్యానొనెట్ క్యూఎల్17 జి3, లేదా మా చిన్నాన్న కువైట్ నుంచి తెచ్చిన యాషికా ఎలెక్ట్రో 35 లాంటిది. యాషికాకి ఆనాటి మెర్క్యురీ బ్యాటరీలు ఇప్పుడు లేవు, అడాప్టర్ పెట్టి ఆరు వోల్టులది వెయ్యాలి, బ్యాటరీ లేకపోతే ఒక్క స్పీడులోనే పని చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం మీ పేజీలో అసలు లేదండి, చూసి కొనడం ఎలా అని. నేను చాలా ఏళ్ళ కింద ఒక షాపులో రష్యా జోర్కీ-4 కొన్నాను, పేరు చెప్పను, కండిషన్ బాగుందన్నారు నమ్మాను. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మొదటి రీలు వేశాను. కడిగించి చూస్తే వెనకున్న అరిటాకుల తోరణాలు దారం పోగుతో సహా కనిపిస్తున్నాయి, పిల్ల మొహం మాత్రం ఒక్క దాంట్లో కూడా షార్ప్‌గా లేదు. రేంజ్‌ఫైండర్ అలైన్‌మెంట్ తప్పింది, కిటికీలో బొమ్మలు కలుస్తున్నాయి కానీ లెన్స్ ఫోకస్ ఇంకెక్కడో ఉంది. అందులో మా అమ్మ కూడా ఉంది, ఆ తర్వాత ఏడాదికే పోయింది. ఆ రీలు ఇప్పటికీ బీరువాలో ఉంది.

అందుకే కొనేముందు లెన్స్‌ని ఇన్ఫినిటీ (అన్నిటికంటే దూరం గుర్తు) దగ్గర పెట్టి దూరంగా ఉన్న నిటారు వస్తువుని చూడాలి, నేనైతే పుష్కర ఘాట్ దగ్గర నిలబడి దూరంగా రైల్వే బ్రిడ్జి స్తంభాలు చూస్తాను. రెండు బొమ్మలు సరిగ్గా ఒకటవ్వాలి, పక్కకే కాదు పైకీ కిందకీ కూడా తేడా ఉండకూడదు. తర్వాత టేపుతో ఒక మీటర్ కొలిచి దగ్గర్లో చూడాలి. వెనక మూత తెరిచి చీకట్లో ఫోన్ టార్చి వేసి షట్టర్ గుడ్డకి చిల్లులున్నాయేమో చూడాలి, ఈ కెమెరాల్లో అద్దం అడ్డం ఉండదు కాబట్టి లెన్స్ మూత తీసి ఎండలో పైకి చూసేట్టు పెడితే లెన్స్ భూతద్దంలా ఆ గుడ్డని కాల్చేస్తుంది. జోర్కీ అయితే రీలు తిప్పాకే స్పీడు మార్చాలి, ముందు మారిస్తే లోపల పాడవుతుంది. లెన్స్ వెనక నుంచి టార్చి వేసి సాలెగూడులాంటి పోగులుంటే అది బూజు, మన కాకినాడ వైజాగ్ గాలికి తొందరగా పడుతుంది. కొన్నాక తోలు కవర్లో పెట్టి అటక మీద పడెయ్యొద్దు, తోలు తేమ పీల్చుకుని దానికే బూజు పడుతుంది, మా యాషికా లెన్స్ అలాగే పోయింది. మూత గట్టిగా ఉండే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోవాలి.

మా మేనల్లుడు లోన్ ఆపాడు, ప్రస్తుతం వాడి రూమ్మేట్ కెమెరాకి 24 దగ్గర టేప్ వేసుకుని తిరుగుతున్నాడు.

మీకు ఇంకో విన్నపం. నా జోర్కీ అలైన్‌మెంట్ చివరికి సరిచేసింది మా రాజమండ్రిలోనే ఒక పెద్దాయన, ఏ స్క్రూ పావు వంతు తిప్పితే బొమ్మ ఎటు జరుగుతుందో ఆయన చేతులకి తెలుసు. ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడట్లేదు, నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు, వాచీ బ్యాటరీలు మారుస్తున్నారు. ఇలాంటి వాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఎక్కడెక్కడున్నారో మీ పేపర్ వెతికి వేస్తే, ఈ కెమెరాలు కొంటున్న పిల్లల్లో ఒకరిద్దరైనా వెళ్ళి నేర్చుకుంటారు. మీ రిపోర్టర్ గారు ఎప్పుడొస్తానంటే అప్పుడు ఆయన దగ్గరికి నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమండ్రి